ఆ అస్త్రం ముందే ఎందుకు వెయ్యలేదు?

మొన్న వేసవి సెలవుల్లో నెల్లూరులో మా స్నేహితుడి ఇంట్లో కూర్చుని అందరం టీవీలో ఒక సినిమా చూశాం. పేరు అనవసరం. పురాణాన్నీ సైన్సునీ కలిపి ఈ మధ్య వస్తున్న సినిమాల్లో అదొకటి. హీరోకి పూర్వీకుల నుంచి ఒక అస్త్రం వచ్చింది. చివర్లో ఊరంతా తగలబడుతుంటే దాన్ని బయటికి తీశాడు. ఆకాశం చీలింది, విలన్ సైన్యం మొత్తం బూడిదైపోయింది. పెద్దవాళ్లం బాగానే ఉందనుకున్నాం. ఆరో తరగతి చదివే వాళ్లమ్మాయి మాత్రం నాన్న వైపు తిరిగి, "నాన్నా, అది మొదటి నుంచీ ఆయన దగ్గరే ఉంది గదా. ముందే వేసుంటే వాళ్ల తాత చచ్చిపోయేవాడు కాదు గదా?" అంది.

"సినిమా అమ్మా అది. అట్టా అడిగితే ఏ సినిమా చూడలేం" అన్నాడు వాళ్ల నాన్న.

ఈ జవాబు నాకు ససేమిరా నచ్చలేదు. అద్భుతాల కథను అడగాల్సిన మొదటి ప్రశ్నే అది. దానికి జవాబున్న కథ నిలబడుతుంది, లేని కథ థియేటర్ మెట్లు దిగేలోపు మనసులోంచి జారిపోతుంది. ఆ రోజు మొదలైన వాదన మా స్నేహితుల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. నా వైపు మాట మొత్తం ఒకచోట పెట్టాలని ఇది రాస్తున్నాను.

మేం నలుగురం. ఇంటర్ నుంచి స్నేహం. ఒకడు చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అక్కడి రాయి పేరే బ్లాక్ గెలాక్సీ. పాలిష్ పట్టాక నల్లటి పలక మీద రాగి రంగు చుక్కలు మెరుస్తుంటే రాత్రి ఆకాశాన్ని కోసి పెట్టినట్టే ఉంటుంది. ఇంకొకడు కావలిలో లెక్కల మాస్టారు. మూడోవాడు, ఆ అమ్మాయి నాన్న, అల్లూరు వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. నాలుగోవాణ్ని నేను. నెల్లూరులో మద్రాసు బస్టాండ్ దగ్గర టీ అంగట్లో కలిస్తే రాజకీయాలు, రొయ్యల రేట్లు అయిపోగానే మాట తప్పకుండా వీటి మీదికి మళ్లుతుంది. చందమామ సీరియళ్లు, దూరదర్శన్ శక్తిమాన్, తెలుగులోకి డబ్ అయిన అవెంజర్స్, నిన్నమొన్నటి కల్కి దాకా.

పురాణాల్లో ఉన్నదేది?

మా మాస్టారు ఎప్పుడూ ఒక మాట అంటాడు. "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉండాయి రా. వాళ్లు ఇప్పుడు తీస్తన్నారు." పుష్పకం ఉంది కాబట్టి విమానం ఉన్నట్టే. బ్రహ్మాస్త్రం ఉంది కాబట్టి అణుబాంబు ఉన్నట్టే. సంజయుడు ధృతరాష్ట్రుడి పక్కన కూర్చునే కురుక్షేత్రం చూశాడు కాబట్టి లైవ్ టెలికాస్ట్ కూడా మనదే.

అతను ఊరికే గొప్పకు పోయే మనిషి కాదు. అతని బళ్లో పిల్లలకు సైన్సు అంటే పరాయి దేశం నుంచి వచ్చిన సరుకనే ఒక జంకు ఉందనీ, అది పోగొట్టడానికే ఇట్లా చెబుతాననీ అంటాడు. ఆ ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. కానీ జంకు పోగొట్టడానికి ఆర్యభటుడున్నాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని 499లోనే రాసిపెట్టాడు. కూతవేటు దూరంలో శ్రీహరికోట ఉంది. కథల్ని తెచ్చి పేటెంటు కాగితాల్లాగా చూపించాల్సిన అవసరం మనకు లేదు. పుష్పకం విమానమే అని తేల్చేశాక ఇక దాని గురించి మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే ఆ చిత్రమైన వాహనాన్ని కాస్తా ఎయిర్‌పోర్టుకు తోలేస్తున్నాం. నా బాధంతా అదే.

మరి పురాణాల్లో నిజంగా ఉన్నదేమిటంటే, షరతు. ఏ శక్తీ ఉత్తినే రాదు, ఎప్పుడంటే అప్పుడు పనిచెయ్యదు. కర్ణుడి సంగతే చూడండి. పుట్టుకతో వచ్చిన కవచకుండలాలు ఒంటి నుంచి కోసిచ్చి, బదులుగా ఇంద్రుడి దగ్గర శక్తి ఆయుధం తీసుకున్నాడు. అది ఒక్కసారే పనిచేస్తుంది, ఆ తర్వాత ఇంద్రుడి దగ్గరికే వెళ్లిపోతుంది. అర్జునుడి కోసమని భద్రంగా దాచుకున్నాడు. పద్నాలుగో రోజు యుద్ధం పొద్దుగూకినా ఆగలేదు. చీకటి పడితే రాక్షసులకు బలం ఎక్కువ. ఘటోత్కచుడు కౌరవసేనను తొక్కేస్తుంటే కర్ణా, ఆ శక్తి వెయ్యి, తెల్లారేసరికి మనం మిగిలితే గదా అర్జునుడి సంగతి చూసేది అని అంతా మొరపెట్టుకున్నారు. వేశాడు. ఘటోత్కచుడు కూలాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు మాత్రం సంతోషంతో గంతులేశాడు. ఇక అర్జునుడికి భయం లేదు కాబట్టి.

ఆ అమ్మాయికి ఈ కథ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే కృష్ణుడికి ముందే తెలుసా బాబాయ్? తెలిసే ఘటోత్కచుణ్ని పంపించాడా?" అని అడిగింది. పదకొండేళ్ల పిల్ల ఒక్క అడుగులో వ్యూహం దాటి ధర్మసందేహంలోకి వెళ్లిపోయింది. ఆ కథలో నుంచి "ఒక్కసారే" అన్న షరతు తీసేసి చూడండి. కర్ణుడి తపన ఉండదు, కౌరవుల ఒత్తిడి ఉండదు, కృష్ణుడి గంతుకు అర్థం ఉండదు. పెద్ద మెరుపొకటి వచ్చి పెద్ద రాక్షసుడొకడు చస్తాడు. అంతే.

మన పురాణాల నుంచి తీసుకున్నామని చెప్పే సినిమాలు చాలావరకు ఆయుధం పేరు తీసుకుంటున్నాయి, దాని మెరుపు తీసుకుంటున్నాయి. షరతును మాత్రం అక్కడే వదిలేసి వస్తున్నాయి.

పెన్న ఒడ్డున అజ్ఞాతవాసం

సూపర్‌హీరోల్లో సగం మందికి రెండు బతుకులుంటాయి. పగలు మామూలు ఉద్యోగి, అవసరమొస్తే ముసుగు వీరుడు. 1938లో సూపర్‌మ్యాన్ కామిక్స్‌లోకి వచ్చినప్పటి నుంచి అదొక ఆనవాయితీ. చాలా కథల్లో ఆ ముసుగు తొలగితే ఏమవుతుందో సరిగా చెప్పరు. ఇంట్లోవాళ్లకు ప్రమాదం అంటారు, అదీ కథకుడికి గుర్తొచ్చినప్పుడే.

మన నెల్లూరులో కూర్చుని తిక్కన భారతాన్ని ఎక్కడ మొదలుపెట్టాడో తెలిసిందే. విరాటపర్వంలో. అంటే నేరుగా ముసుగు వీరుల కథలో. ఇక్కడ షరతు రాతి మీద చెక్కినంత స్పష్టం. ఏడాదిలోపు ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. జమ్మిచెట్టు మీద ఆయుధాలు మూటగట్టి, చూసేవాళ్లకు శవంలా కనబడేట్టు వేలాడదీశారు. అంతటి భీముడు వంటవాడయ్యాడు. అర్జునుడు ఊర్వశి శాపాన్నే వేషంగా వాడుకుని ఆటపాటలు నేర్పే బృహన్నల అయ్యాడు. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు భీముడు అక్కడే ఉన్నాడు. కదిలితే గుట్టు రట్టవుతుంది. ఆ సభలో మనకు ఊపిరాడకపోవడానికి కారణం భీముడి బలం కాదు. ఆ బలాన్ని బిగించి పట్టుకున్న ఏడాది గడువు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు వేరే ఉంది. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు బయటపడగానే దుర్యోధనుడు గడువు ముగియలేదు, మళ్లీ అడవికి పోవాల్సిందే అని పట్టుబడతాడు. అప్పుడు భీష్ముడు లెక్క విప్పుతాడు. అయిదేళ్లకు రెండు అధికమాసాలు వస్తాయి, ఆ లెక్కన పదమూడేళ్లలో అయిదు నెలల పైచిలుకు అదనంగా గడిచిపోయింది, కాబట్టి వాళ్ల గడువు పూర్తయింది అంటాడు. యుద్ధభూమి మధ్యలో, రథాల మీద నిలబడి క్యాలెండర్ లెక్క! ఇది చెప్పినప్పుడు మా లెక్కల మాస్టారి మొహం వెలిగిపోయింది. పురాణంలో ఉన్న సైన్సు చూపించమంటే నేను చూపించేది ఈ చోటే. విమానం బొమ్మ కన్నా ఈ అధికమాసాల లెక్క బళ్లో పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

శనివారం దేవుడు

ఇదంతా చదువుకున్నవాళ్ల రుచి అనీ, మామూలు జనం కథలో ఇవన్నీ పట్టించుకోరనీ మా గ్రానైట్ మిత్రుడు అంటాడు. నేను ఒప్పుకోను. నాకు షరతుల రుచి తగిలించింది సంతకం కూడా చెయ్యడం రాని మా అవ్వ.

మాది కందుకూరు వైపు పల్లె. అక్కడికి దగ్గర్లో మాలకొండ ఉంది, నరసింహస్వామి గుడి. శనివారం మాత్రమే తెరుస్తారు. మిగతా రోజుల్లో ఎందుకు తెరవరని అడిగితే, "ఆ ఆరు రోజులూ దేవతలు, రుషులు వచ్చి పూజ చేసుకుంటారు నాయనా, మనకిచ్చింది శనివారం" అని చెప్పింది. ఎడ్లబండి దిగి కొండ కింద నిలబడితే నా కళ్లు గుడి మీద లేవు. మంగళవారం అర్ధరాత్రి పైన ఎవరుంటారు? వాళ్లు యాడ నుంచి ఎక్కుతారు? శుక్రవారం ఆఖరిగా పోయేవాళ్లు ఏదైనా మర్చిపోతే శనివారం మనకు దొరుకుతుందా? మెట్ల పక్కన ఎండిపోయిన తులసిమాల ఒకటి కనబడితే అది మనుషులు వేసిందో వాళ్లు వేసిందో తేల్చుకోలేక దాన్ని దాటి పోవడానికి కూడా భయపడ్డాను. వారమంతా తెరిచి ఉండే గుళ్లు మా చుట్టూ ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏదీ నా చేత ఇన్ని ప్రశ్నలు వేయించలేదు.

హిరణ్యకశిపుడి కథ కూడా అవ్వ చెప్పిందే. పగలు కాదు, రాత్రి కాదు, లోపల కాదు, బయట కాదు, మనిషి కాదు, మృగం కాదు. ఆ కథ విన్న ప్రతి పిల్లవాడూ చివరికి రాకముందే మనసులో సందు వెతకడం మొదలుపెడతాడు. తలుపు మధ్యలో అయితేనో, సాయంత్రం అయితేనో అని. వరం ఒక చిక్కుముడి, నరసింహావతారం దాని విప్పు. ఈ ప్రకాశం సీమవాడే అయిన ఎర్రన దాన్నే నృసింహపురాణంగా రాశాడు. చందమామలో బేతాళుడి సంగతీ అంతే గదా. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. రాజుకు ఎటూ దారి లేని ఆ ఒక్క నియమం మీద దశాబ్దాల తరబడి కథలు నడిచాయి. దాన్ని చదవడానికి డిగ్రీలు అక్కర్లేదు.

కౌంట్‌డౌన్ ఆగిన రాత్రి

షార్ గురించి, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం గురించి, చెప్పకుండా నెల్లూరువాడు అంతరిక్షం కథలు మాట్లాడలేడు. 2022లో జిల్లాలు విడదీశాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మా మాటల్లో ఇంకా మాదే.

2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్-2 ఎగరాలి. ముందురోజు సాయంత్రమే బయల్దేరి నలుగురం సూళ్లూరుపేట మీదుగా అక్కడి గ్యాలరీకి చేరాం. చంకలో పిల్లలు, చేతిలో పులిహోర డబ్బాలు, జనం జాతరలా ఉన్నారు. మైకులో ఒక్కో దశా పూర్తయిందని చెబుతుంటే చప్పట్లు. సరిగ్గా 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా గడియారం ఆగింది. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత సాంకేతిక లోపం, ఈ రాత్రికి ప్రయోగం లేదు అన్నారు. వేల మంది అంత మౌనంగా లేచి వెనక్కి నడవడం నేనెక్కడా చూడలేదు. మా పక్కన ఒక పెద్దాయన తన మనవడితో, "తప్పు కనిపెట్టినారు గదా, అదే గొప్ప" అంటున్నాడు.

వారం తిరిగేసరికి, జులై 22న మధ్యాహ్నం 2.43కి అదే రాకెట్ వెళ్లింది. ఆ రోజు గ్యాలరీకి వెళ్లడం కుదరక సూళ్లూరుపేట దగ్గర రోడ్డు పక్క నుంచి చూశాం. ముందు నిప్పుకణిక చెట్ల పైకి వచ్చింది. చప్పుడు లేదు. అది మబ్బుల్లోకి దూరిపోయాక, దాదాపు నిమిషానికి, మోత వచ్చి గుండెను తాకింది. వెలుగు వేగం వేరు, శబ్దం వేగం వేరు. పాఠంలో చదివిందే. కానీ ఆ మధ్యలో గడిచిన నిశ్శబ్దంలో నిలబడటం వేరు.

తర్వాత సెప్టెంబరులో ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోవడం, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఆ గడియారం గురించి. ప్రకృతి ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. నియమాలు అంత కఠినంగా ఉండబట్టే ఆ విజయానికి అంత బరువు వచ్చింది. తెర మీద రాకెట్ కథ చూస్తున్నప్పుడు నాకు కావలసింది ఈ బరువే. హీరో పిడికిలి బిగించి ఒక లివర్ లాగగానే చెడిపోయిన ఇంజను పనిచేస్తే, ఆ రాత్రి మౌనంగా వెనక్కి నడిచినవాళ్లందరినీ అవమానించినట్టు అనిపిస్తుంది నాకు.

ఘటోత్కచుడి సంగతేంటి?

ఇక్కడే మా రొయ్యల మిత్రుడు నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "అంతా బాగుండాది. మాయాబజార్ ఏం చేస్తావు? ఘటోత్కచుడు ఏం కావాలంటే అది చేస్తాడు. ఊరు కడతాడు, శశిరేఖ అయిపోతాడు. వాడికి షరతు యాడుంది? అరవై ఏళ్లు దాటినా మనం ఎందుకు చూస్తన్నాం?"

ఇది తేలిగ్గా తీసిపారెయ్యగల ప్రశ్న కాదు. చాలా రోజులు దీని మీదే ఉన్నాను. ఆ సినిమాలో ఘటోత్కచుడి శక్తికి ఖరీదు లేదు, నిజమే. కానీ అతను దాన్ని దేనికి వాడాడో చూడండి. ఎవరినీ చంపలేదు. పెళ్లివారి అహంకారాన్ని ఆడించడానికి వాడాడు. ప్రమాదం లేని చోట ఖరీదు అక్కర్లేదేమో. హాస్యానికి వేరే లెక్క ఉందేమో. పైగా ఆ కథలోని రెండు వస్తువులకు పక్కా నియమాలున్నాయి. ప్రియదర్శిని పేటిక తెరిచినవాళ్లకు తమకు ఇష్టమైనదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికేమో శకుని. సత్యపీఠం ఎక్కినవాడు నిజం తప్ప ఇంకోటి చెప్పలేడు. 1957లో ఇంత చక్కటి యంత్రాలు ఊహించిన సినిమాను మనం ఉట్టి పౌరాణికం అని పక్కన పెడుతున్నాం. ఈ రోజు అరచేతిలో ఫోను తెరిస్తే మనకు ఇష్టమైనదే కనబడుతోంది, అది ఇంకో ప్రియదర్శిని.

అయినా సరే, నా వాదనకు ఘటోత్కచుడు పూర్తిగా లొంగడు. నేను ఒకటే అంటాను. ప్రాణాల మీదికి వచ్చే కథ అయితే షరతు కావాల్సిందే. ఆ ఘటోత్కచుడే భారతంలో యుద్ధానికి వచ్చినప్పుడు "ఒక్కసారే" అన్న షరతుకు బలయ్యాడు గదా.

ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు మన నెల్లూరు జిల్లా మనిషే. 1991లో ఆయన తీసిన ఆదిత్య 369, మా జిల్లావాడే అయిన బాలసుబ్రహ్మణ్యం సమర్పణలో వచ్చింది. అందులో కాలయంత్రం చెప్పిన మాట వినదు. 1526లో రాయలవారి కొలువు దగ్గర దించుతుంది. తిరిగి ఇంటికి పోదామంటే 2504కి లాక్కుపోతుంది. అక్కడ పైన రేడియేషన్, జనం నేల అడుగున బతుకుతుంటారు. యంత్రం మొండికెయ్యడమే కథ. సరిగ్గా పనిచేసి ఉంటే అదొక విహారయాత్ర అయ్యేది.

చేతులు జోడించిన అమ్మ

గ్రానైట్ మిత్రుడి వాదన ఇంకో రకం. పొద్దస్తమానం బ్లాకులు, కొలతలు, లారీ లోడ్లు, బిల్లులు. "రోజంతా షరతుల్లోనే బతుకుతున్నాను. సాయంత్రం సినిమాకు పోతే ఆడ కూడా షరతులేనా? ఒక్క మూడు గంటలు ఎవడో ఒకడు ఏ లెక్కా లేకుండా గెలవనీ రా."

దీని ముందు నేను కాస్త తగ్గుతాను. కష్టపడి వచ్చినవాడు కోరుకునే ఊరట చిన్నది కాదు. 2024 సంక్రాంతికి హనుమాన్ వచ్చినప్పుడు అతను వాళ్లమ్మను ఒంగోలులో సినిమాకు తీసుకెళ్లాడు. చివర్లో స్వామి కదలగానే ఆమె సీట్లోంచి లేచి నిలబడి చేతులు జోడించిందట. చుట్టుపక్కల ఇంకొంతమంది కూడా లేచారట. ఆమెకు అది సూపర్‌హీరో సినిమా కాదు, దర్శనం. దర్శనానికి వచ్చినవాళ్లను షరతేదీ అని అడిగే హక్కు నాకు లేదు.

కానీ అదే సినిమాలో కుర్రాడి శక్తి సూర్యుడి వెలుగు ఉన్నంతసేపే పనిచేస్తుంది. రాత్రయితే మామూలు మనిషి. అంజనాద్రి కుర్రాడి కోసం మనం భయపడగలిగింది ఆ చిన్న నియమం వల్లే అని నేనంటాను. తక్కువ బడ్జెట్ సినిమా దేశమంతా ఆడటానికి భక్తి ఒక్కటే కారణం అయితే, భక్తి ఉన్న సినిమాలన్నీ ఆడాలి గదా. ఈగ కూడా అంతే. మాట్లాడలేదు, చేత్తో కొట్టలేదు, ఒక దెబ్బకు నలిగిపోతుంది. అంత బలహీనమైన ప్రాణి పగ తీర్చుకుంటుంటే థియేటర్ ఊగిపోయింది. కల్కిలో కార్లు, కోటలు నాకు లీలగానే గుర్తున్నాయి. మనసులో నిలిచింది అశ్వత్థామ. వేసిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం రానివాడు, నుదుటి మణి పోగొట్టుకుని చావు కూడా లేకుండా తిరుగుతున్నవాడు. అందరిలోకీ ఎక్కువ బలమున్నవాడూ అతనే, ఎక్కువ కోల్పోయినవాడూ అతనే.

ఇంకొక సంగతి. మార్వెల్ సినిమాల్లో నీకు ఎవరిష్టం అని అడిగితే, షరతులొద్దనే మా గ్రానైట్ మిత్రుడు తడుముకోకుండా విలన్ థానోస్ పేరు చెబుతాడు. తెలుగులో రానా గొంతు వల్లేనా అంటే, కాదంటాడు. "ఆ రాయి కోసం కూతుర్ని తోసేటప్పుడు ఏడుస్తాడు చూడు, ఆడ." నేను ఇంకేమీ అనలేదు.

గ్రాఫిక్స్ బాగుంటే మనమూ హాలీవుడ్ స్థాయికి పోతాం అనేవాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. డబ్బు పెడితే గ్రాఫిక్స్ వస్తాయి, వస్తున్నాయి కూడా. షరతు రాయడానికి డబ్బు అక్కర్లేదు, కాగితం చాలు. అందుకే అది లేకపోతే నాకు ఎక్కువ కోపం.

పులికాట్ దగ్గరి కథ

ఇంతకీ నువ్వైతే ఏ కథ రాస్తావని మాస్టారు అడిగాడు. నా దగ్గర జవాబుంది.

శ్రీహరికోట దీవిలో రాకెట్లకు ముందు యానాదులున్నారు. అడవిలో దొరికేవి ఏరుకుంటూ, చేపలు పట్టుకుంటూ, మందు మొక్కల గుట్టుమట్లు తెలిసి బతికినవాళ్లు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరీక్షించే చిన్న రాకెట్, ఎగిరింది. కేంద్రం పెరిగే క్రమంలో అక్కడివాళ్లు ఆ దీవి వదిలి రావాల్సి వచ్చింది. మనం గర్వంగా చూసే ప్రతి ప్రయోగం వెనక ఆ ఖరీదు ఉంది. దాన్ని కట్టింది వేరేవాళ్లు. మన సినిమాల్లో అంతరిక్షం ఉంది, దేశభక్తి ఉంది, వీళ్లు లేరు.

నా కథలో పులికాట్ ఒడ్డున ఒక యానాది ముసలామె ఉంటుంది. దీవి వదిలేసి వచ్చిన నాటి నుంచి ఆమెకు ఒక శక్తి. రాకెట్ ఎగరకముందే అది పైకి చేరుతుందో లేదో తెలిసిపోతుంది. ఎట్లా తెలుస్తుందో ఆమెకూ తెలియదు. షరతేమిటంటే, చెప్పిన ప్రతిసారీ దీవిలోని ఒక చోటు ఆమెకు జ్ఞాపకం లేకుండా పోతుంది. ఒకసారి బావి, ఒకసారి పుట్ట, ఒకసారి తల్లిని పాతిపెట్టిన చోటు. ఒక రాత్రి కుర్ర ఇంజనీరు ఒకడు ఆమె గుడిసె ముందుకు వచ్చి నిలబడతాడు. ఆమెకు ఇంక మిగిలింది ఒక్క చోటే.

"చెబుతుందా, చెప్పదా?" అన్నాడు రొయ్యల మిత్రుడు.

"చెప్పకూడదు" అన్నాడు మాస్టారు. "ఇప్పటికే వాళ్ల దగ్గర తీసుకున్నది చాలు. ఆ పిల్లోడు తన లెక్కలు మళ్లీ చూసుకోవాల. వాడి చదువు దేనికి?"

గ్రానైట్ మిత్రుడు ఒప్పుకోలేదు. "చెప్పాల. కానీ ఊరికే కాదు. నీ షరతు ఆమెకు ఒక్కదానికే ఉంది, అది తప్పు. అడిగినోడు కూడా ఏదో ఒకటి పోగొట్టుకోవాల" అన్నాడు. ఏం పోగొట్టుకోవాలంటే వెంటనే చెప్పలేకపోయాడు. తన సొంత ఊరు పేరు అన్నాడు, కాదు అమ్మ మొహం అన్నాడు, అది మరీ సినిమా అయిపోతుందని తనే కొట్టేశాడు. చీమకుర్తి బస్సెక్కాక ఫోన్ చేసి, "ఆ ప్రయోగం ఒక్కటీ వాడికి ఎప్పటికీ గుర్తుండకూడదు. ఎగిరిందని పేపర్లో చదవాల్సిందే" అన్నాడు. మాస్టారికి ఇది నచ్చలేదు. నాకు నచ్చింది, అట్లాగే రాస్తున్నాను.